నాన్న పక్క సీట్లో: స్కాట్లాండ్ ఉత్తర తీరాన ఎనిమిది రోజులు

మా నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపాడు. అందులో ఎక్కువ కాలం నల్లమలలోనే, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో. రిటైరయ్యాక మొదటిసారి అమ్మతో కలిసి లీడ్స్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, లండన్ చూపిస్తానంటే పెద్దగా పట్టించుకోలేదు. "ఇక్కడ ఘాట్ రోడ్లు ఉంటాయా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతో మా ప్రయాణం ఖాయమైంది.

కొండా సముద్రమూ ఒకేచోట కావాలంటే ఈ దేశంలో స్కాట్లాండ్ ఉత్తర కొసకు పోవాలి. ఇన్వర్‌నెస్‌లో బయల్దేరి, పడమటి తీరం వెంట పైకి ఎక్కి, ఉత్తరపు అంచు మీదుగా తూర్పుకు తిరిగి, మళ్ళీ ఇన్వర్‌నెస్ చేరే దారికి నార్త్ కోస్ట్ 500 అని పేరు. 516 మైళ్ళు, మన లెక్కలో 830 కిలోమీటర్లు. ఆ పేరు 2015లో వచ్చింది కానీ రోడ్లు పాతవే. గొర్రెల కాపరులు, పోస్టు వ్యాను, బడి పిల్లల బస్సు రోజూ తిరిగే ఊరి రోడ్లు. ఇది వేరేవాళ్ళ ఊరి రోడ్డు అని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా ప్లానింగ్ అంతా దానంతటదే సరైన దారిలో పడుతుందని నా నమ్మకం.

ప్లానింగ్ జనవరిలో మొదలుపెట్టాం, ప్రయాణం మే చివర్లో. ఎందుకంటే జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ మిడ్జ్ అనే పురుగుల బాధ ఎక్కువ. కంటికి ఆనీ ఆననట్టుండి, గాలి ఆగిన సాయంత్రం గుంపులుగా వచ్చి కుడతాయి. మే నెలలో అవి ఇంకా పూర్తిగా లేవవు, వానా కాస్త తక్కువ, పగలు మాత్రం చాలా పొడవు. ఒక్క చిక్కుంది. మే చివరి వారం ఇంగ్లండ్ బడులకు సెలవులు, క్యాంప్‌సైట్లు ముందే నిండిపోతాయి. జనవరిలోనే బుక్ చేసుకోవడం అందుకే.

స్కాట్లాండ్‌లో ఎక్కడైనా బండి ఆపుకుని పడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2003 నాటి భూ సంస్కరణల చట్టం ఇచ్చిన హక్కు నడిచి వెళ్ళి డేరా వేసుకునేవాళ్ళకు, మోటారు బండ్లకు కాదు. పైగా అమ్మానాన్నలను పెట్టుకుని రాత్రి పది గంటలకు జాగా వెతుక్కోవడం నా వల్ల కాదు. అందుకే ఏడు రాత్రులకూ ఏడు చోట్లు ముందే మాట్లాడుకున్నాం.

రోజుకు ఎనభై మైళ్ళు మించకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. ఫోన్‌లో మ్యాపు రెండు గంటలు అని చూపించే దారికి నాలుగు గంటలు వేసుకున్నాం. సిగ్నల్ ఉండదని మ్యాపు ముందే దించుకున్నాం, కాగితం మ్యాపు కూడా ఒకటి కొన్నాం. తిండి సామాను మాత్రం అమ్మ చూసుకుంది. బొరుగులు, జొన్నపిండి, చెనిక్కాయల పొడి, కందిపప్పు, పులిహోర పులుసు, ఒక చిన్న కుక్కర్, ఇంటి నుంచి తెచ్చిన కజ్జికాయల డబ్బా.

మొదటి రోజు: ఇన్వర్‌నెస్ నుంచి యాపిల్‌క్రాస్

ఇన్వర్‌నెస్‌లో బండి తీసుకున్నాం. నలుగురు పడుకునే వ్యాన్, ఆరు మీటర్ల పొడవు. మూడున్నర టన్నుల లోపే కాబట్టి మామూలు కారు లైసెన్సు చాలు. అద్దె బీమా ప్రకారం స్టీరింగ్ పట్టుకునేది నేనూ మా ఆవిడా మాత్రమే. నాన్నది పక్క సీటు.

అప్పగించే అమ్మాయి ఒక గంటసేపు అన్నీ ఓపిగ్గా చూపించింది. మంచినీళ్ళ ట్యాంకు ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్ళు చేరే ట్యాంకు ఇంకొకటి. టాయిలెట్ కింద డ్రాయర్‌లా బయటికి వచ్చే డబ్బా ఒకటి, దాన్ని క్యాంప్‌సైట్లలో కేటాయించిన చోటే ఖాళీ చేయాలి. ఇంజన్ బ్యాటరీ కాకుండా లోపలి లైట్లకూ నీళ్ళ పంపుకూ వేరే బ్యాటరీ. రాత్రి ఆగిన చోట కరెంటు తీగ తగిలిస్తే అది చార్జ్ అవుతుంది. నాన్న ఇవేవీ వినలేదు. బండి చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూశాడు. "స్టెప్నీ ఏది?" అన్నాడు. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ మాత్రమే. ఆ మాట ఆయనకు సాయంత్రం దాకా మింగుడు పడలేదు. తర్వాత జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి మీటర్ రీడింగ్ రాసుకున్నాడు.

గార్వ్, అక్నషీన్, లాఖ్ క్యారన్. అక్నషీన్ దాటాక రోడ్డు సన్నబడింది. ఇక్కడ లాఖ్ అంటే చెరువూ కావచ్చు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయా కావచ్చు. ఒక్క బండి పట్టేంత రోడ్డు, రెండు మూడు వందల అడుగులకు ఒకసారి పక్కకు ఉబ్బిన చిన్న జాగా, అక్కడ పాసింగ్ ప్లేస్ అని బోర్డు. ఎదురుగా బండి వస్తే, ఆ జాగా మన ఎడమ పక్క ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడి పక్క ఉంటే దాని ఎదురుగా మన వైపే ఆగాలి, అవతలి బండి చుట్టి వస్తుంది. వెనక ఎవరైనా తరుముకొస్తుంటే వాళ్ళకూ అక్కడే సైడ్ ఇవ్వాలి. ఫోటోల కోసం అందులో బండి ఆపడం తప్పు. ప్రతిసారీ ఇద్దరు డ్రైవర్లూ చెయ్యెత్తి పలకరించుకుంటారు. పది బండ్లు దాటేసరికి నాన్న చెయ్యి నా చెయ్యి కన్నా ముందు లేస్తోంది.

టోర్నప్రెస్ దగ్గర ఒక పెద్ద బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి ఎడమకు తిరిగితే బ్యాలఖ్ న బా, అంటే పశువుల కనుమ. దాదాపు సముద్ర మట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కే కొండ దారి. ఐదడుగులకు ఒక అడుగు లేచే ఏటవాలు, హెయిర్‌పిన్ మలుపులు. నేర్చుకునేవాళ్ళకూ, పెద్ద బండ్లకూ, క్యారవాన్లకూ తగదని బోర్డు మీద రాసి ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఎక్కాలని ఉంది. నాన్న కూడా ఎక్కమంటాడనే అనుకున్నాను. ఆయన దిగి బోర్డు ముందు నిలబడి, నన్ను తెలుగులో చెప్పించుకుని, కొండ వైపు కాసేపు చూశాడు.

"ఎక్కించలేక కాదురా. సగంలో ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల. మనం ఇరుక్కున్నామనుకో, ఆ ఊరి మనిషి ఆసుపత్రికి పోవాలన్నా ఆగిపోవాల్సిందే. వేరే దారి ఉందా?"

ఉంది. షీల్డేగ్ నుంచి సముద్రం వెంట వచ్చే రోడ్డు, 1970ల్లో వేశారు. అంతకుముందు యాపిల్‌క్రాస్ వాళ్ళకు ఈ కనుమ ఒక్కటే దారి, చలికాలం మంచు పడితే ఊరు మూతపడేది. మేము చుట్టు దారినే పోయాం. ఒకటిన్నర గంట ఎక్కువ పట్టింది. పడమటి అంచుకు వచ్చాక కుడి పక్కన స్కై దీవి కొండలు నీలంగా కనబడుతూనే ఉన్నాయి. క్యాంపర్ వ్యాన్‌తో వచ్చేవాళ్ళందరికీ ఇదే చెబుతాను. ఆ కనుమ చిన్న కారుతో ఇంకోసారి చూసుకోవచ్చు.

రెండో రోజు: టొరిడన్

తెల్లారి నుంచి వాన. అమ్మ వ్యాన్‌లోనే ఉగ్గాని చేసింది. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లి. అద్దాల మీద వాన చప్పుడు, లోపల తాలింపు వాసన. ఇంటి భోజనం చక్రాల మీద మనతోనే వస్తుంటే అమ్మ ముఖంలో ఏ బెంగా కనబడలేదు.

టొరిడన్ దాటి కిన్‌లాఖ్యూ వైపు పోతుండగా ఎదురుగా లారీ వచ్చింది. పాసింగ్ ప్లేస్ దగ్గర్లోనే ఉంది. తొందరలో నేను ఇంకొంచెం ఎడమకు తీశాను. ముందు చక్రం తారు దాటి గడ్డి మీదికి పోయింది. చూడ్డానికి గట్టి నేలే. కింద అంతా పీట్, వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళక పేరుకున్న నాచు మట్టి, నీళ్ళు పీల్చిన స్పాంజి లాంటిది. చక్రం నెమ్మదిగా దిగబడింది, బండి ఒక పక్కకు ఒరిగింది. అలమరలో గిన్నెలన్నీ ఒక్కసారి జరిగిన శబ్దానికి మా ఆవిడ "అయ్యో!" అని అరిచింది. నాకు చేతులు వణికాయి.

నాన్న ఒక్క మాట అన్లేదు. "యాక్సిలేటర్ తొక్కొద్దు, తొక్కితే ఇంకా దిగబడతాది" అని మాత్రం చెప్పి వానలోకి దిగాడు. రాత్రి బండిని సమం చేయడానికి చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ వాలు దిమ్మెలు ఉంటాయి కదా, అవి తెమ్మన్నాడు. చేత్తో బురద తోడి, చక్రం ముందు ఒక దిమ్మె, దాని మీద కాళ్ళ దగ్గరి రబ్బరు పట్టా పరిచాడు. అయినా కదల్లేదు. అరగంట తర్వాత ట్రాక్టర్ మీద ఒక పెద్దాయన వచ్చాడు. గొర్రెల మనిషి, ఆయన పక్కన నలుపూ తెలుపూ కుక్క. మాటా పలుకూ లేకుండా తాడు కట్టాడు, నాన్న చక్రం దగ్గర నిలబడి చేత్తో సైగ చేశాడు, ఆయన లాగాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒక్క సైగ కూడా తప్పిపోలేదు.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అమ్మ కజ్జికాయలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఒకటి అక్కడే కొరికి, తల ఊపి, మిగతావి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"రోడ్డు అంచును నమ్మొద్దు. తారు కనబడినంత వరకే మనది" అన్నాడు నాన్న, బండి ఎక్కాక. మిగిలిన ఆరు రోజులూ ఆ మాటే నా చెవిలో ఉంది.

వాన తెరిపిచ్చాక బెన్ ఏ కొండ కనబడింది. శిఖరం తెల్లగా మెరుస్తుంటే అమ్మ మంచు అనుకుంది. అది మంచు కాదు, క్వార్ట్‌జైట్ రాయి. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతం ఇదే, 1951లో ప్రకటించారు. రాత్రికి పూల్యూ చేరాం.

మూడో రోజు: అల్లపూల్ దాకా

పొద్దున్నే ఇన్వర్యూ తోట. 1862లో ఆస్‌గుడ్ మెకెంజీ అనే ఆయన బోడి రాతి నేల మీద మొదలుపెట్టాడు. గాలిని ఆపడానికి ముందు చెట్ల వరసలు పెంచి, అవి ఎదిగేదాకా ఆగి, తర్వాత దేశదేశాల మొక్కలు తెచ్చాడు. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని నీటి ప్రవాహం వల్ల ఇంత ఉత్తరాన కూడా అవి బతుకుతున్నాయి. అమ్మకు ఈ ప్రయాణం మొత్తంలో బాగా నచ్చింది ఈ తోటే. ప్రతి పాదు దగ్గరా ఆగింది.

తర్వాత గ్రునార్డ్ అఖాతం. ఎర్రటి ఇసుక, ఎదురుగా పచ్చని చిన్న దీవి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, ఆ దీవి మీద గొర్రెలను కట్టేసి ఆంథ్రాక్స్ బాంబులు పరీక్షించారు. ఆ మట్టి విషమైపోయింది. శుభ్రం చేసి, భయం లేదని 1990లో ప్రకటించేదాకా అక్కడ అడుగుపెట్టడం నిషేధం. ఇంత అందమైన చోట ఈ సంగతి ఎందుకు చెప్పావని మా ఆవిడ నొచ్చుకుంది. తెలియకుండా ఫోటో తీసుకుని పోవడం కన్నా తెలిసి చూడటమే మేలని నాకు అనిపించింది.

కోరీహల్లఖ్ లోయ మీద 1874లో కట్టిన వేలాడే వంతెన ఉంది, ఫోర్త్ రైలు వంతెన కట్టిన ఇంజనీర్లలో ఒకరైన జాన్ ఫౌలర్ కట్టించాడు. కింద 46 మీటర్ల జలపాతం. వంతెన ఊగుతుంటే అమ్మ సగం దాకా వచ్చి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని కిందికి చూసింది.

అల్లపూల్‌లో డీజిల్ నింపాం. ట్యాంకు సగానికి వస్తే చాలు, బంకు కనబడిన చోటల్లా నింపుకోవాలి. ఇక్కడి నుంచి పైకి బంకులు దూరం దూరం. నాన్న లీటర్లు రాసుకున్నాడు.

నాలుగో రోజు: డర్‌నెస్ దాకా

ఈ దారి అంతటిలో నన్ను కట్టిపడేసిన చోటు నాకన్ క్రాగ్. రోడ్డు పక్కనే ఒక కొండ చరియ. మామూలుగా పాత రాతి పొర కింద, కొత్తది పైన ఉండాలి. ఇక్కడ తిరగబడి ఉంది, పై రాయే పాతది. పందొమ్మిదో శతాబ్దంలో దీని మీద పండితులు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. బెన్ పీచ్, జాన్ హోర్న్ అనే ఇద్దరు కొండా కొండా తిరిగి, భూమి లోపలి ఒత్తిడికి పాత పొర మైళ్ళ దూరం జరిగి కొత్తదాని మీదికి ఎక్కిందని తేల్చారు. ఆ రెండు రాళ్ళు కలిసే గీత మీద వేలు పెట్టొచ్చు. పెట్టాను. కింద రాయి లేత రంగులో కాస్త మెత్తగా, పైన నల్లగా పలకలు పలకలుగా. నాన్న కూడా వేలు పెట్టి చూసి, "బేతంచర్ల నాపరాయి మాదిరి పొరలున్నాయే" అన్నాడు.

ఆర్డ్‌వ్రెక్ పాడుబడ్డ కోట దగ్గర గంటసేపు ఆగాం. చెరువులోకి చొచ్చుకుపోయిన గడ్డి దిబ్బ మీద రెండు మొండి గోడలు. తర్వాత కైలెస్క్యూ వంతెన. 1984లో ఇది కట్టేదాకా ఇక్కడ బండ్లను పడవ మీద దాటించేవాళ్ళు. వంపు తిరిగిన వంతెన అంటే నాన్నకు చాలా ఇష్టం. దాటాక ఆపించి, నడిచి వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు.

లాక్స్‌ఫర్డ్ తర్వాత మళ్ళీ ఒంటి రోడ్డు. దిగుడులో నేను బ్రేకు మీదే కాలు పెట్టుకుని ఉన్నాను. "ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాల. బ్రేకు ఆఖరికి" అన్నాడు. శ్రీశైలం ఘాట్‌లో కొత్త డ్రైవర్లకు చెప్పే మాట ఇదేనట. రెండో గేర్‌లో దిగితే బండి తనంతట తానే ఆగి ఆగి నడిచినట్టు దిగింది.

డర్‌నెస్ క్యాంప్‌సైట్ సముద్రం మీది గట్టు అంచున ఉంటుంది. రాత్రి పది దాటినా వెలుతురు పోలేదు. అమ్మ గడియారం చూసుకుంటూ, ఇంకా సందె పడలేదే అని దీపం పెట్టడానికి కూడా ఎదురుచూసింది.

ఐదో రోజు: బండి కదల్లేదు

మధ్యలో ఒక రోజు బండి తీయకుండా ఉండాలని ముందే రాసుకున్నాం. ఈ ప్లాన్‌లో నేను చేసిన మంచి పని అదే అనుకుంటాను. పొద్దున స్మూ గుహకు నడిచి వెళ్ళాం. గుహ ముఖద్వారం పదిహేను మీటర్ల ఎత్తు. లోపల ఒక గదిలో పైకప్పు చిల్లులోంచి వాగు ఇరవై మీటర్ల కిందికి దూకుతుంది. ముఖద్వారాన్ని సముద్రం తొలిచింది, లోపలి గదులను వాగు తొలిచింది. మధ్యాహ్నం మా ఆవిడా నేనూ బాల్నకీల్ ఇసుకలో నడిచాం. తిరిగొచ్చేసరికి అమ్మ జొన్న రొట్టెలు తడుతోంది. చేతులు చాపే జాగా లేని వంటగదిలో, సాయంత్రం చుట్టూ కుర్చీలు వేసుకునే మడత బల్ల మీద, తడి చేత్తో గుండ్రంగా తిప్పుతూ. పక్క వ్యాన్‌లోని జర్మన్ దంపతులు ఆ చప్పుడుకు తొంగి చూశారు. వాళ్ళకూ రెండు ఇచ్చాం, చెనిక్కాయల పొడీ నూనే వేసి.

ఆరో రోజు: స్ట్రాత్‌నేవర్

లాఖ్ ఎరిబాల్ చుట్టూ తిరిగాం. 1945 మేలో జర్మన్ జలాంతర్గాములు వరసగా వచ్చి లొంగిపోయిన నీళ్ళు ఇవి. టంగ్ దగ్గర సముద్రపు పాయ మీద కట్ట దాటి బెట్టీహిల్ చేరాం.

బెట్టీహిల్‌లో పాత చర్చి ఇప్పుడు మ్యూజియం. వెనకాల ఉన్న లోయ పేరు స్ట్రాత్‌నేవర్. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ లోయ నిండా ఊళ్ళుండేవి. భూమి అంతా సదర్లాండ్ జమీందారీ కుటుంబానిది. కౌలు రైతుల కన్నా గొర్రెల మందలతో ఆదాయం ఎక్కువని లెక్క వేసి, 1814లోనూ 1819లోనూ ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించారు. ఎస్టేట్ మనిషి ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో కేసు నడిచింది, నిర్దోషి అన్నారు. జనాన్ని సముద్రం ఒడ్డున రాళ్ళ నేల మీదికి తరిమి, చేపలు పట్టుకుని బతకమన్నారు. బెట్టీహిల్ అనే ఊరు అలా పుట్టిందే. దానికి ఆ జమీందారిణి ఎలిజబెత్ పేరే పెట్టారు.

నేను ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే నాన్న ఏమీ అడగలేదు. లోయలోకి పోయి చూద్దామా అన్నాడు. ప్లాన్‌లో లేదు. పోయాం.

నది పక్కనే పన్నెండు మైళ్ళ దాకా లోపలికి వెళితే రోసాల్ అనే పాత ఊరి గుర్తులు ఉన్నాయి. బండి ఆపి అడవి బాటన నడవాలి. అమ్మా మా ఆవిడా వ్యాన్‌లోనే ఉన్నారు. చెట్ల మధ్య ఒక్కసారిగా పెద్ద గడ్డి మైదానం. అందులో మోకాలెత్తు కూడా లేని రాళ్ళ వరసలు, నాచు పట్టి, పొడవాటి ఇళ్ళ ఆకారంలో. నాన్న ఒక ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వరసలో రాళ్ళు లేని ఖాళీ దగ్గర ఆగాడు.

"వాకిలి ఇదీ" అన్నాడు.

మా నాన్నది కృష్ణ ఒడ్డున ఊరు. శ్రీశైలం రిజర్వాయరు కింద పోయిన వందకు పైగా ఊళ్ళలో అదీ ఒకటి. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఈ సంగతి నాకు తెలుసు, కానీ ఆయన ఎప్పుడూ వివరంగా చెప్పింది లేదు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. అంతే.

బోర్డు మీద ఇంకో సంగతి చదివి చెప్పాను. ఈ ప్రాంతంలో కలప దొరకదు. ఖాళీ చేసేవాళ్ళు ఇంటి దూలాలు మోసుకుపోయి కొత్త చోట వాడుకునేవాళ్ళు. అందుకే వాళ్ళు మళ్ళీ వచ్చి ఇల్లు కట్టుకోకుండా ఎస్టేట్ మనుషులు ఆ దూలాలకు నిప్పు పెట్టారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మేము మాత్రం ద్వారబంధం తెచ్చుకున్నాం. మీ తాత పెకలించి ఎద్దుల బండి మీద వేసుకొచ్చినాడు. గోడలు పడగొట్టేవాళ్ళు వచ్చినప్పుడు అది అప్పటికే బండి మీద ఉంది."

ఆత్మకూరులో మా ఇంటి ద్వారబంధం నాకు బాగా తెలుసు. ఇంటికి కాస్త పెద్దది, తలుపు ఎప్పుడూ సరిగ్గా పట్టదు. పైన రెండు హంసలు, మధ్యలో పూర్ణకుంభం చెక్కి ఉంటాయి. ప్రతి ఉగాదికీ దానికి పసుపు రాసింది నేనే. అది పాత ఇంటిదని ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఖాళీలోంచి నాన్న లోపలికి అడుగుపెట్టాడు. చెప్పులు బయట విడిచి.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ నడిపింది. తీరం చేరి థర్సో వైపు తిరిగాం. కుడి పక్కన కనుచూపు మేరా పీట్ నేలలు, మధ్యలో అద్దాల్లా నీటి గుంటలు. ఫ్లో కంట్రీ అంటారు, 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంకో రోజైతే ఆగేవాళ్ళం. ఆ సాయంత్రం ఆగాలనిపించలేదు. డన్నెట్ ఇసుక ఒడ్డున బండి పెట్టి తొందరగా పడుకున్నాం.

ఏడో రోజు: మూల తిరిగాం

డన్నెట్ హెడ్ బ్రిటన్ ప్రధాన భూభాగానికి అన్నిటికంటే ఉత్తరపు కొస. జాన్ ఓ గ్రోట్స్ అనుకుంటారు కానీ కాదు. జాన్ ఓ గ్రోట్స్‌లో బోర్డు దగ్గర ఫోటోకు వరస ఉంది, దాటి డంకన్స్‌బీ వెళ్ళాం. పావుగంట గడ్డిలో నడిస్తే సముద్రంలోంచి పైకి లేచిన సూది మొనల రాతి స్తంభాలు. గాలికి నిలబడలేకపోయాం. సమయం తక్కువ ఉన్నవాళ్ళు ఫోటో వరసలో నిలబడకుండా ఇక్కడికే రావాలి.

విక్ దాటాక వాలిగో మెట్లు. నిలువు కొండకు రాతి పలకలతో కట్టినవి, మొత్తం 365 అని చెబుతారు. కింద చిన్న పడవల రేవు. ఒకప్పుడు ఆడవాళ్ళు హెర్రింగ్ చేపల బుట్టలు మోసుకుని ఈ మెట్లన్నీ ఎక్కి, ఆ పైన విక్ దాకా మైళ్ళ దూరం నడిచేవాళ్ళు. మా ఆవిడా నేనూ దిగి ఎక్కాం. ఖాళీ చేతులతో నాలుగు చోట్ల ఆగాం. అమ్మ పైనే నిలబడి మెట్ల వంకే చూస్తోంది. పెళ్ళయిన కొత్తలో చెలిమ నుంచి రెండు బిందెలతో గట్టెక్కేదాన్నని చెప్పింది. "దిగేటప్పుడు కాళ్ళు నొప్పి ఉండదు. ఎక్కేటప్పుడు మెడ నొప్పి" అంది.

ఎనిమిదో రోజు: ఇన్వర్‌నెస్

తూర్పు తీరం రోడ్డు వెడల్పు, ఇక పాసింగ్ ప్లేస్‌లు లేవు. ఎవరూ చెయ్యెత్తడం లేదు. నాన్న చెయ్యి రెండు మూడుసార్లు అలవాటుగా లేచి దిగింది. గోల్స్‌పీ దగ్గర కొండ మీద సదర్లాండ్ మొదటి డ్యూక్ విగ్రహం, రోడ్డు మీద నుంచే కనబడుతుంది. "ఆయనేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆపమనలేదు. పక్కనే డన్‌రాబిన్ కోట, 189 గదులట. అక్కడా ఆగలేదు. లాఖ్ ఫ్లీట్ దగ్గర ఇసుక తిన్నెల మీద సీల్ జంతువులు పడుకుని ఉంటే వాటిని చూస్తూ మిగిలిన పులిహోర తిన్నాం.

బండి అప్పగించే ముందు పని ఉంటుంది, దానికి రెండు గంటలు పక్కన పెట్టుకోవాలి. టాయిలెట్ డబ్బా కడగాలి, వాడిన నీళ్ళు వదలాలి, లోపల ఊడవాలి, డీజిల్ నింపాలి. చక్రాల దిమ్మెలకు టొరిడన్ బురద ఇంకా అంటుకునే ఉంది. నాన్న కూర్చుని పుల్లతో గీకి కడిగాడు.

బంకు దగ్గర చివరి లీటర్లు రాసుకుని, బండి బానెట్ మీద నోటుపుస్తకం పెట్టి లెక్క వేశాడు. ఆర్టీసీలో డ్రైవర్ పరువంతా కేఎంపీఎల్‌లో ఉంటుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్న లెక్కలో. చుట్టు దారులు, స్ట్రాత్‌నేవర్ లోయ అన్నీ కలిపి 640 మైళ్ళు, అంటే 1,030 కిలోమీటర్లు. డీజిల్ 104 లీటర్లు. 9.9 వచ్చింది. దాని కింద గీత గీసి, డ్రైవర్ అని ఉండే చోట మా ఇద్దరి పేర్లూ రాశాడు.

"ఘాట్‌లో ఇది మంచిదే" అన్నాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.